లింకు ఎవరికి చేరింది? ఉత్తరాంధ్రలో ఆన్‌లైన్ సర్వేలపై సమీక్ష

శ్రీకాకుళం జిల్లా సన్నకారు రైతుల మీద ఒక పరిశోధన జరిగిందనుకుందాం. శీర్షికలో జిల్లా పేరు ఉంటుంది, రైతుల ప్రస్తావన ఉంటుంది. పద్ధతుల అధ్యాయానికి వచ్చేసరికి గూగుల్ ఫారం తయారుచేసి, లింకును వాట్సాప్ గ్రూపుల్లో పంచి, 384 మంది నుంచి సమాధానాలు రాబట్టామని రాసి ఉంటుంది. ఆ తర్వాత పట్టికలు, శాతాలు, కై-స్క్వేర్ పరీక్షలు. ఇది నేను ఊహించి చెప్పిన ఉదాహరణే అయినా మన విశ్వవిద్యాలయాల్లో మేనేజ్‌మెంటు, విద్య, సామాజిక శాస్త్రాల సిద్ధాంత గ్రంథాలు తిరగేసేవాళ్లకు కొత్తగా అనిపించదు. ఆన్‌లైన్ ఫారంతో పరిశోధన చేయవచ్చా అంటే, చేయవచ్చు. కొన్నిచోట్ల అంతకన్నా మంచి సాధనం లేదు కూడా. అయితే ఆ 384 మంది ఎవరు, వాళ్లను ఎవరు ఎంచుకున్నారు అన్న ప్రశ్నకు జవాబు లేకుండా జిల్లా పేరు పెట్టుకోవడం మాత్రం ఆ జిల్లాకు అన్యాయం చేయడమే. ఈ వ్యాసంలో నేను వాదించేది అదే.

ముందు 384 సంగతి. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక చిన్న పట్టిక ప్రచురించారు. జనాభా ఇంత ఉంటే నమూనా ఇంత తీసుకోవాలని అందులో ఉంటుంది. జనాభా పది లక్షలకు చేరేసరికి కావలసిన నమూనా 384 దగ్గర ఆగుతుంది. పట్టిక సరైనదే. కాకపోతే దాన్ని వాడుకోవడానికి ఒక షరతు ఉంది. జనాభాలో ప్రతి మనిషికీ నమూనాలోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి, ఎవరు రావాలన్నది లాటరీ తేల్చాలి. గ్రూపుల్లో తిరిగే లింకుకు ఈ షరతు పట్టదు. అక్కడ 384 సమాధానాలు వచ్చినా, 3,840 వచ్చినా, లెక్కలో తప్పు ఎంతుందో ఆ పట్టిక చెప్పలేదు. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.8 వచ్చిందని చూపించడమూ అంతే. ప్రశ్నలకు ఒకదానితో ఒకటి పొంతన ఉందని ఆల్ఫా చెబుతుంది. జవాబిచ్చినవాళ్లు జిల్లా జనంలాంటివాళ్లేనా అన్న విషయంతో దానికి సంబంధం లేదు. ఈ రెండు అంకెలూ ఉంటే వైవా గట్టెక్కుతుందన్న ధీమాను మన పరిశోధన విభాగాలు వదులుకోవాలి.

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక ప్రశ్న అడిగింది: ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా? ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 21.0 శాతం, పురుషుల్లో 48.8 శాతం వాడామన్నారు. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు 48.9 శాతం. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. 2011 జనగణనలో శ్రీకాకుళం అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం 58.89 శాతం. నేటి ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల్లో అప్పుడున్న పదమూడు జిల్లాల్లో విజయనగరానిదే ఆఖరి స్థానం. కనుక ఈ రెండు జిల్లాల్లో ఇంటర్నెట్ వాడకం రాష్ట్ర సగటుకన్నా మెరుగ్గా ఉండి ఉంటుందని అనుకోవడానికి ఆధారం కనబడదు. ఆ సర్వే తర్వాత స్మార్ట్‌ఫోన్లు బాగా పెరిగిన మాట నిజం. అయినా యాభై దాటినవాళ్లు ఆ శాతాల్లో అసలు లేరు. యూట్యూబ్‌లో పాట పెట్టుకోవడం వేరు, ముప్ఫై ప్రశ్నల ఫారం చదివి, అర్థం చేసుకుని, కిందిదాకా జరుపుకుంటూ వెళ్లి సబ్మిట్ నొక్కడం వేరు. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది వచ్చినట్టు కాదు.

ఇక లింకు నడిచే దారి. అది రీసెర్చ్ స్కాలర్ ఫోనులో మొదలవుతుంది. తోటి స్కాలర్లు, డిగ్రీ బ్యాచ్ గ్రూపు, బంధువుల గ్రూపు, ఉపాధ్యాయ సంఘాల గ్రూపులు, కుల సంఘం గ్రూపు, ఊరి యువజన సంఘం. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం నుంచి బయల్దేరిన లింకు ఒక సాయంత్రంలో శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి, విజయనగరం పట్టణాల చదువుకున్న యువకుల చేతుల్లోకి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న టెక్కలి కుర్రాడికీ చేరుతుంది. అతను ‘జిల్లా’ అన్న గడిలో శ్రీకాకుళం అని నొక్కుతాడు. అబద్ధమేమీ కాదు, అతనిది శ్రీకాకుళమే. అదే వేళకు వలస వెళ్లి వేరావల్ రేవులో పడవ మీద ఉన్న కళింగపట్నం వైపు మత్స్యకారుడికి, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడకూలీకి, సీతంపేట ఏజెన్సీలో సిగ్నల్ అందని గూడెంలోని సవర రైతుకు ఆ లింకు వచ్చే దారి లేదు. వచ్చినా తమ కోసం వచ్చిందని వాళ్లు అనుకోరు. అడిగినవాళ్లెందరో, కాదన్నవాళ్లెందరో, చూడనేలేనివాళ్లెందరో తెలియదు కాబట్టి స్పందన శాతం లెక్కగట్టడానికి హారమే ఉండదు.

ఈ పద్ధతికి స్నోబాల్ శాంప్లింగ్ అని పేరు పెట్టి సమర్థించుకోవడం కనిపిస్తుంది. స్నోబాల్ పద్ధతి పనికొచ్చేది జాబితా దొరకని, దాక్కుని బతికే సమూహాల కోసం. వలస కూలీల మేస్త్రీల ద్వారా కూలీలను వెతుక్కుంటూ వెళ్లడం స్నోబాల్ అవుతుంది. ప్రభుత్వం దగ్గర పట్టాదారు పాసుపుస్తకాల జాబితా ఉండగా రైతులను వాట్సాప్‌లో వెతకడానికి ఆ పేరు చెల్లదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకుంటే ఈ ఇబ్బంది ఎంత లోతైనదో తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తింటోంది. అక్కడ క్రియాటినిన్ అన్న మాట బడికి వెళ్లని ముసలమ్మకు కూడా తెలుసు. జబ్బు ఎంతమందికి ఉందన్న ప్రశ్నకు ఆన్‌లైన్ ఫారంతో జవాబు వెతికామనుకోండి. ‘మీకు కిడ్నీ జబ్బు ఉందా’ అని అడుగుతాం. ఈ జబ్బు తొలి దశల్లో ఏ బాధా ఉండదు, రక్త పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. కాబట్టి తెలియక ‘లేదు’ అన్నవాళ్లు ఒకవైపు తప్పు పెంచుతారు. ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లు, డయాలసిస్‌కు తిరుగుతున్నవాళ్లు ఆ ఫారం కనబడగానే నింపుతారు, పది మందికి పంపుతారు. వాళ్ల వల్ల మరోవైపు తప్పు పెరుగుతుంది. పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో, జబ్బు సంగతి తెలిసీ దాచేవాళ్లు మూడో రకం. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన అంకె మిగులుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఉద్దానంలో నిలబడిన అంచనాలు వేరే దారిలో వచ్చాయి. పరిశోధక బృందాలు ఊళ్లను, ఊళ్లో మనుషులను ఒక పద్ధతి ప్రకారం ఎంచుకున్నాయి. వాళ్ల దగ్గరికే వెళ్లి రక్తం, మూత్రం నమూనాలు తీసుకున్నాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం రెండు వేల పైచిలుకు మందిని పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు లక్షణాలు కనిపించాయి. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, ఉద్దానానికి రక్షిత నీటి పథకం ప్రారంభమయ్యాయి. జబ్బు ఏయే ఊళ్లలో ఎంత ఉందో తెలియకుండా ఎన్ని డయాలసిస్ యంత్రాలు కావాలో, ఏ ఊరికి ముందు నీళ్లివ్వాలో తేల్చలేం. లెక్క తప్పితే దాని ఫలితం మనుషుల ప్రాణాల మీద పడే చోటు అది. అలాంటిచోట చవగ్గా దొరికిన అంకెతో తృప్తి పడటం నాకు అంగీకారం కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఆ ప్రాంతాన్నే కొట్టింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. అలాంటి వారంలో ఆన్‌లైన్‌లో నష్టం వివరాలు సేకరిస్తే, తక్కువ దెబ్బ తిన్న ఊరి నుంచి ఎక్కువ సమాధానాలు వస్తాయి. ఎక్కువ దెబ్బ తిన్న ఊరు మౌనంగా ఉండిపోతుంది. విపత్తుల మీద పరిశోధన చేసేవాళ్లు వచ్చిన సమాధానాల పటంతో పాటు రాని చోట్ల పటం కూడా గీయాలి.

ఎక్కువమంది జవాబిస్తే తప్పు తగ్గిపోతుందన్న నమ్మకం చాలా పాతది. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోను డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి పేర్లు తీసి కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ఆ పత్రిక రాసింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఇది పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివేదే. తక్కువమందికి తెలిసింది 2021 నాటి సంగతి. అమెరికాలో ఫేస్‌బుక్ ద్వారా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ బృందం కొవిడ్ సర్వే నడిపింది. వారానికి సుమారు 2,50,000 మంది జవాబిచ్చేవారు. టీకా తొలి డోసు తీసుకున్నవారి శాతాన్ని ఆ సర్వే 2021 మే నెలలో 17 పాయింట్లు ఎక్కువగా చూపించింది. పద్ధతి ప్రకారం ఎంచిన వెయ్యి మంది ప్యానెల్‌తో నడిచిన ఇంకో సర్వే అసలు అంకెకు చాలా దగ్గరగా వచ్చింది. దీన్ని లెక్కగట్టి చూపిన వ్యాసం అదే ఏడాది ‘నేచర్’లో అచ్చయింది. వయసు, లింగం లెక్కలతో సర్దుబాటు చేసినా ఆ తేడా పోలేదు. సర్దుబాటుకు హద్దు ఉంది. నమూనాలో అరవై దాటిన సవర స్త్రీలు అయిదుగురు ఉంటే వాళ్ల మాటకు బరువు పెంచవచ్చు. ఒక్కరూ లేనప్పుడు సున్నాను దేనితో గుణించినా సున్నాయే.

మన గడ్డ మీద సర్వే చరిత్ర తక్కువదేమీ కాదు. కన్యాశుల్కం చదివినవాళ్లలో 1897 తొలి ముద్రణకు గురజాడ అప్పారావు ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట చదివినవాళ్లు కొద్దిమందే ఉంటారు. అంతకు దాదాపు పదేళ్ల కిందట విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించిన సంగతి అందులో ఉంది. లెక్కకు వచ్చిన పెళ్లిళ్లు 1,034, ఏడాదికి సగటున 344. పెళ్లయిన ఆడపిల్లల్లో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. నన్ను ఆపేసేది ఆ అంకెల పక్కనే గురజాడ పెట్టిన మాట. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఆ జాబితా సంపూర్ణం కాదని ఆయన అక్కడే చెప్పాడు. అంకె ఇచ్చి, ఆ అంకె ఏ దిశలో తప్పి ఉండవచ్చో, ఎందుకు తప్పి ఉండవచ్చో రెండూ చెప్పాడు. ఈనాటి సిద్ధాంత గ్రంథాల్లో ‘పరిమితులు’ అన్న శీర్షిక కింద సమయాభావం వల్ల, ఆర్థిక కారణాల వల్ల అని రెండు వాక్యాలు రాసి వదిలేస్తున్నారు. ఒక నాటకం ముందుమాటలో ఉన్న నిజాయితీ పరిశోధన గ్రంథంలో లేకపోతే ఎలా?

విశాఖపట్నం మిసెస్ ఏవీఎన్ కళాశాలలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయిన సి.ఆర్. రావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో ఒక ఉదంతం చెప్పారు. 1947లో దేశ విభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్న శరణార్థులు ఎందరో తెలియదు, లోపలికి వెళ్లి లెక్కపెట్టే వీలు లేదు. వాళ్లకు తిండి సరఫరా చేసే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెద్దవిగా వస్తున్నాయి. గణాంకవేత్తలు బియ్యం, పప్పు, ఉప్పు సరఫరా లెక్కలు తీసి చూశారు. ఉప్పు చవక, దాన్ని ఎక్కువ చేసి చూపిస్తే కాంట్రాక్టరుకు మిగిలేదేమీ లేదు. అందుకే ఉప్పును బట్టి వచ్చిన అంచనాను నమ్మారు. ఫారంలో ప్రశ్నలు రాసుకునేవాళ్లకు ఇది ఎంతో పనికివచ్చే ఆలోచన. అబద్ధం చెప్పడానికి కారణం లేని ప్రశ్న ఏదో వెతుక్కుని దాన్ని కూడా అడగాలి.

నిజం చెప్పించడంలో ఆన్‌లైన్ ఫారానికి ఒక పెద్ద బలం ఉంది, దాన్ని ఒప్పుకుని తీరాలి. ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే చెప్పని సంగతులు తెర మీద ఒంటరిగా నొక్కుతారని ఎన్నో దేశాల అధ్యయనాలు తేల్చాయి. తాగుడు, భర్త కొట్టడం, కాలేజీలో వేధింపులు, ఆత్మహత్య ఆలోచనలు, కట్నం. నూజివీడు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల విద్యార్థుల మానసిక ఒత్తిడి మీద పరిశోధన చేయాలంటే పేరు అడగని ఆన్‌లైన్ ఫారమే సరైన సాధనం. పిల్లలందరి జాబితా ఉంటుంది, అందరి చేతిలో ఫోను ఉంటుంది, ఎంతమందికి పంపామో ఎంతమంది నింపారో తెలుస్తుంది. అదే ఫారం ఊళ్లో పనిచేయదు, ఎందుకంటే అక్కడ ఏకాంతం ఉండదు. ఇంటికి ఒక ఫోను, అది కొడుకు చేతిలో. తల్లి తరఫున కొడుకు నొక్కుతాడు, భార్య తరఫున భర్త నొక్కుతాడు. ఇంట్లో కొడతాడా అన్న ప్రశ్న కొట్టేవాడి చేతిలోని ఫోనుకు వెళ్లవచ్చు. ఇది డేటా నాణ్యతను మించిన విషయం, ఆమె క్షేమానికి సంబంధించినది.

ఫారం తయారీలో స్థానిక జ్ఞానం లేకపోవడం వల్ల జరిగే నష్టం గురించి తగినంత చర్చ జరగడం లేదు. ఊరి పేరు రాయమని ఖాళీ గడి పెడితే ఆమదాలవలస ఒక్కటే నాలుగైదు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో వస్తుంది. కేంద్ర ప్రభుత్వపు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడు ఉంది. ఆ జాబితానే ఫారంలో పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. జిల్లా పేరుతో ఇంకా పెద్ద చిక్కు. 2022 ఏప్రిల్ 4 తర్వాత పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. జనాలు ఇంకా పాత జిల్లా పేరే చెబుతున్న సందర్భాలు ఉన్నాయి. పరిశోధకులు పోల్చుకునేది 2011 జనగణనతో, అది పాత సరిహద్దుల లెక్క. జిల్లా అడగకుండా మండలం అడిగి, తర్వాత మనమే జిల్లాలకు చేర్చుకుంటే ఈ గందరగోళం ఉండదు.

కొలతలూ అంతే. పలాస వైపు జీడి రైతు ధర చెప్పేది 80 కిలోల బస్తాకు. ఫారంలో కిలోకు ఎంత అని ఉంటే కొందరు భాగించి రాస్తారు, కొందరు బస్తా ధరే రాసేస్తారు, సగటు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. వరి దిగుబడి క్వింటాళ్లలో అడిగితే రైతు బస్తాల్లో చెబుతాడు. లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన అయిదు మెట్ల స్కేలును పుస్తకాల తెలుగులోకి దించి ‘పాక్షికంగా అంగీకరిస్తున్నాను’, ‘తటస్థం’ అని రాస్తే చదివేవాళ్లకే తికమక, వినేవాళ్ల సంగతి చెప్పక్కరలేదు. ఊళ్లలో దీనికి వచ్చే జవాబు ‘ఏటో బాబూ, మీరే ఏదోటి రాసీండి’ అని. ముందు ఔనా కాదా అని అడిగి, ఔనంటే కొంచెమా బాగానా అని రెండో మెట్టులో అడగడం మేలు. సవర, గదబ ఊళ్లలో తెలుగు ఫారమే ఒక అడ్డంకి. గిడుగు రామమూర్తి సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. అంత చేయకపోయినా ఆ ఊరి అమ్మాయి చేత ప్రశ్నలు చెప్పించి రికార్డు చేసి వినిపించడం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు.

ఫారం సెట్టింగుల్లో కూడా మంచిచెడ్డలు ఉన్నాయి. ఒక్కరు ఒక్కసారే నింపేలా పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. మెయిల్ ఐడీ పాస్‌వర్డు గుర్తులేనివాళ్లు, మన వివరాలు పోతాయేమోనని భయపడేవాళ్లు అక్కడితో వెనక్కి వెళ్తారు. అలా పెట్టకపోతే ఒకే కుర్రాడు స్నేహితుడి కోసం పదిసార్లు నింపవచ్చు. సమర్పించిన సమయం షీటులో పడుతుంది కాబట్టి రాత్రి పదకొండుకు వరుసగా నిమిషానికొకటి వచ్చిన సమాధానాలను పట్టుకోవచ్చు. ఆ పరిశీలన చేశామని ఎంతమంది రాస్తున్నారు? ప్రతి ప్రశ్నకూ ఎర్ర చుక్క పెట్టి తప్పనిసరి చేయడం ఇంకో తప్పు. ‘తెలియదు’, ‘చెప్పను’ అన్నవి లేకపోతే జనం ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. ఆ ఒత్తిడిలో పుట్టిన సమాధానం డేటాగా చలామణీ అవుతుంది.

ఇంతకీ ఫారం ఫోనులో ఉండటం తప్పు కాదు. ఎవరి ఫోనులో అన్నదే తేల్చుకోవాలి. ఓపెన్ డేటా కిట్, కోబో టూల్‌బాక్స్ వంటి ఉచిత సాధనాలు పరిశోధకుడి ఫోనులోనే ఉంటాయి. నెట్‌వర్క్ లేకపోయినా సమాధానాలు దాచుకుని, సిగ్నల్ వచ్చినప్పుడు పంపుతాయి. తెలుగులో ప్రశ్న కనిపిస్తుంది, కావాలంటే వినిపిస్తుంది, ఎక్కడ నింపారో జీపీఎస్ నమోదవుతుంది. కాగితాల మీద రాసుకుని తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు పడే తప్పులు ఉండవు. గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల్లో తిరిగే విద్యార్థికి ఇంతకన్నా మంచి నోటుబుక్కు లేదు. ఎవరిని అడగాలన్నది ఊళ్ల జాబితాలోంచీ ఓటర్ల జాబితాలోంచీ లాటరీ తీసి ముందే నిర్ణయించుకుని బయల్దేరితే, ఆన్‌లైన్ ఫారం సౌలభ్యమూ నమూనా విశ్వసనీయతా రెండూ దక్కుతాయి.

అయితే ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చే మనిషిని చూస్తే జనానికి గుర్తొచ్చేది పరిశోధన కాదు, ప్రభుత్వ సర్వే. 2016 ప్రజా సాధికార సర్వేలో ఎన్యూమరేటర్లు ట్యాబ్‌లతో వచ్చి ఆధార్ అడిగారు. 2019 తర్వాత వాలంటీర్లు యాభై ఇళ్లకొకరు చొప్పున ఎన్నో వివరాలు ఫోనులో ఎక్కించుకున్నారు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒకే రోజున జరిగితే, పథకాలు పోతాయన్న భయంతో జనం బస్సులు పట్టుకుని సొంతూళ్లకు పరుగెత్తారు. వివరాలు చెబితే రేషన్ కార్డు, పింఛను ఉంటాయో పోతాయో అన్న ఆందోళన ఆదాయం, భూమి, వాహనం ప్రశ్నలన్నిటి మీదా పడుతుంది. అందుకే ఆధార్ నంబరు, ఫోటో అడగకుండా, ఇది ఏ ప్రభుత్వ పథకానికీ సంబంధం లేనిదని రెండు నిమిషాలు కూర్చుని చెప్పిన తర్వాతే ఫారం తెరవాలి.

సమ్మతి విషయంలో మన అలవాట్లు మారక తప్పదు. ఫారం పైన ఇంగ్లీషులో ‘ఐ అగ్రీ’ అని ఒక గడి పెట్టి సమ్మతి తీసుకున్నామంటే సరిపోదు. చదవలేని వ్యక్తి పాల్గొంటే చదువుకున్న, సంబంధం లేని సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాట్సాప్ లింకుకు సాక్షి ఎక్కడ? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం సమ్మతి నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది, సవర లేదు. పరిశోధనకు, గణాంకాలకు చట్టంలో మినహాయింపు ఉన్నా, ఆ వివరాలను ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడకూడదన్న షరతు ఉంది. పేరు, ఫోను నంబరు, కులం, జబ్బు అన్నీ ఒకే షీటులో పెట్టి, లింకు ఉన్న ఎవరైనా చూసేలా వదిలేసిన షీటు ఆ షరతు ముందు నిలబడదు.

స్కాలర్ల కష్టం నాకు తెలియకపోలేదు. ఫెలోషిప్ రాని అమ్మాయి బండి లేకుండా భామిని, మందస, సాలూరు ఊళ్లు తిరగాలంటే బస్సు చార్జీలే భారం, సాయంత్రం తిరిగొచ్చే బస్సు ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో ఇల్లు కదలలేని రోజుల్లో ఆన్‌లైన్ ఫారం తప్ప గత్యంతరం లేకపోయింది. ఆ రోజులు పోయినా అలవాటు మిగిలిపోయింది, అందుకు బాధ్యత విద్యార్థులకన్నా పర్యవేక్షకులది. 384 మందిని ఎలాగైనా తెమ్మని పంపేకన్నా, లాటరీలో వచ్చిన ఆరు ఊళ్లలో 120 ఇళ్లకు వెళ్లమని చెప్పి, ఆ తిరుగుడుకు విభాగం తరఫున చిన్న మొత్తం ఇప్పించడం మేలు. లింకు పంపాలనుకుంటే పంపవచ్చు. అప్పుడు ఇళ్లకు వెళ్లి తెచ్చిన సమాధానాలనూ లింకులో వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి ఎంత తేడా ఉందో చూపించాలి. ఆ తేడాయే చాలా సిద్ధాంత గ్రంథాల కన్నా విలువైన ఫలితం అవుతుంది. అది చేయలేనప్పుడు శీర్షిక మార్చుకోవాలి. ‘శ్రీకాకుళం జిల్లా రైతులు’ అని కాకుండా ‘ఉపాధ్యాయ, పూర్వ విద్యార్థి వాట్సాప్ గ్రూపుల్లోని శ్రీకాకుళం యువకులు’ అని రాస్తే ఆ పరిశోధనకు దాని చోటు దానికి ఉంటుంది.

2027 జనగణనకు ప్రకటించిన పద్ధతిలో కుటుంబాలు తమ వివరాలను తామే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలుంది. అలా నింపినవాళ్ల ఇంటికి కూడా ఎన్యూమరేటర్ వచ్చి సరిచూసుకుంటాడు, నింపనివాళ్లను అడిగి తనే నమోదు చేస్తాడు. లింకునూ గుమ్మాన్నీ కలిపిన పద్ధతి ఇది. కొత్త సరిహద్దులతో ఊరూరి లెక్కలు వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పరిశోధకులకు పదహారేళ్ల పాత జాబితాల బాధ తీరుతుంది. ఏ మండలాల్లో ఎంతమంది తామే నింపుకున్నారో, ఎంతమందికి ఎన్యూమరేటర్ అవసరమైందో ఆ వివరాలను మండలాల వారీగా ప్రచురించాలని మన విశ్వవిద్యాలయాలు ఇప్పటి నుంచే జనగణన శాఖను కోరాలి. అవి చేతికొస్తే ఏ మండలంలో లింకు పంపవచ్చో, ఏ మండలానికి మనిషి వెళ్లాలో ప్రతి పరిశోధన విభాగం ముందుగానే నిర్ణయించుకోగలుగుతుంది.